పెద్దాయన మాటల మధ్య పాప గొంతు

ఇంట్లో ఆమెను జిగురు అని పిలిచేవారు. ఒకసారి పట్టుకుంటే వదలదని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరది. పెళ్లయ్యాక అది బావ నోటికీ అలవాటైపోయింది. వాళ్లింటి మేడమీది గదిలో ఉంటూ, జిగురు సగం పూట ఒక కంపెనీకి పనిచేసేది. మిగిలిన సగం పూట తన ఫైల్ సిస్టమ్ రాసుకునేది.

కంప్యూటర్ డిస్కులో లెక్కలేనన్ని గళ్లుంటాయి. ఏ ఫైలు ఏ గళ్లలో ఉందో, ఏ గడి ఖాళీగా ఉందో చూసుకునేది ఫైల్ సిస్టమ్. నడుస్తూ నడుస్తూ ఉండగా కరెంటు పోయినా దాచింది దాచినట్టే ఉండాలన్నది జిగురు పంతం. రాసిన కోడంతా ఎవరైనా చదువుకునేలా, మార్చుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. అది నచ్చి ఎక్కడెక్కడివాళ్లో వచ్చి తలో చేయి వేశారు. వాళ్లలో ముఖ్యుణ్ణి అందరూ గడ్డం అనేవారు. అతని ఫోటోలో గడ్డం తప్ప ఇంకేమీ కనిపించదు మరి.

‘ఇది ఇంకా ప్రయోగ దశలో ఉంది, ముఖ్యమైనవి ఇందులో దాచుకోకండి’ అని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. అలాంటివి ఎవరు చదువుతారు గనక.

మొదటి పెద్ద విడుదల దగ్గరపడుతుండగా ఒక స్పీచ్ థెరపిస్టు నుంచి మెయిల్ వచ్చింది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకీ, మాట ఆలస్యమైన పిల్లలకీ మాటలు నేర్పే ఆవిడ. వచ్చినవాళ్లు పలికిందంతా రికార్డు చేసి జిగురు ఫైల్ సిస్టమ్‌లోనే దాచుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి కరెంటు పోయింది. తిరిగి వచ్చాక చూస్తే, ఒక పెద్దాయన మాటల మధ్యలో ఎవరో పాప గొంతు రంగుల పేర్లు చెబుతోంది.

ఆ మెయిల్ చూసి గడ్డం ఫోన్ చేశాడు.

“డిస్కు పాడై ఉంటుందండీ. చవక డిస్కులు రాయకుండానే రాసేశామంటాయి. మన దగ్గర అలా జరగడంలేదని చెప్పి ఆ ఫిర్యాదు మూసేద్దాం. విడుదల మాత్రం ఆపొద్దు.”

“డిస్కు పాడైతే గరగర వస్తుంది గానీ ఇంకొకరి గొంతు రాదు. పైగా ఆవిడ రాసిన సెకన్ల లెక్క చూస్తే, ఆ గొంతు మన గడి మొదట్లో మొదలై సరిగ్గా మన గడి చివర్లోనే ఆగింది. ఇది మన నిర్వాకమే” అంది జిగురు.

“ఒక్కరి కోసం అంతమందిని ఆపుతారా?”

“ఆ ఒక్కరే చూసుకున్నారు. మిగతావాళ్లు ఇంకా చూసుకోలేదేమో.”

విడుదల వాయిదా వేస్తున్నట్టు ఆ పూటే అందరికీ చెప్పేసింది. కొందరు సణిగారు. ఒకతను అలిగి వెళ్లిపోయాడు కూడా. జిగురు పట్టించుకోలేదు.

కరెంటు పోయినప్పుడు జరిగింది కాబట్టి, కరెంటు తీసి చూడాలి. చేత్తో ప్లగ్గు ఎన్నిసార్లని పీకుతుంది? కిందికి దిగి బావను అడిగింది. ఆయన లిఫ్టు మెకానిక్.

“కంప్యూటర్‌కి కరెంటు దానంతటదే పోయి వచ్చేలా ఏదైనా కట్టిపెడతావా బావా? ఎప్పుడు పోతుందో దానికే తెలియకూడదు.”

“లిఫ్టులు ఆగకుండా చూడటానికే నా ప్రాణం పోతోంది. ఇంటికొస్తే నువ్వు ఆపడానికి మిషను కట్టమంటావు. బాగుంది మరదలా” అన్నాడు. అన్నాడే గానీ, ఒక పాత లిఫ్టులోంచి తీసిన, కరెంటును తెంచి కలిపే రిలేతో మర్నాడే పెట్టె కట్టిచ్చాడు.

పరీక్ష మొదలైంది. కంప్యూటర్ లేస్తుంది, ఫైళ్లు రాస్తుంది, పెట్టె టక్కుమంటుంది, కరెంటు పోతుంది. మళ్లీ లేచి, రాసినవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. పగలంతా అదే టక్కుటక్కు.

“ఏమే, కింద ట్యూషన్ పిల్లలు దానికి తాళం వేస్తున్నారు. ఎక్కాలు పాటలైపోయాయి” అంది అక్క. జిగురు పెట్టె కింద దుప్పటి మడతపెట్టింది.

చిన్న ఫైళ్లు, పెద్ద ఫైళ్లు, కలగలిపినవి, అన్నీ పెట్టి చూసింది. ఒక్క తప్పూ రాలేదు. చూసి చూసి గడ్డం మెల్లగా విడుదల మాటెత్తాడు. తప్పు దొరక్క జిగురుకి తిండి సయించడంలేదు. అయినా పెట్టె ఆపలేదు. థెరపిస్టుకి ఫోన్ చేసింది.

“ఆరోజు ఏంచేశారో మొదట్నుంచీ చెబుతారా?”

“ఏముందమ్మా. ఆ పెద్దాయన రికార్డింగులో చప్పుడు ఎక్కువుంటే శుభ్రం చేసి సేవ్ చేశాను. అప్పుడే పాప వచ్చింది, తనని రికార్డు చేయడం మొదలుపెట్టాను. కరెంటు పోయింది” అంది ఆవిడ. మళ్లీ తనే, “ఆయన చాలాకాలానికి భార్యని పేరుపెట్టి పిలిచింది ఆ రికార్డింగులోనే. ఆయనిప్పుడు లేరు. ఆవిడ వచ్చి వింటూండేవారు” అంది.

మొదటి పేజీలో రాసిన హెచ్చరిక సంగతి జిగురు నోటిదాకా కూడా రాలేదు.

“అప్పుడు డిస్కులో చోటెంత ఉంది?”

“చోటెక్కడిదమ్మా, ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉండేది.”

జిగురు ఒక్క ఉదుటున లేచి నిలబడింది. ఇన్నాళ్లూ పరీక్షలన్నీ సగం ఖాళీగా ఉన్న డిస్కు మీదే చేసింది.

డిస్కును గొంతుదాకా నింపి పెట్టె ఆన్ చేసింది. మధ్యాహ్నం కాఫీ చల్లారకముందే తప్పు తెరమీదికి వచ్చింది. ఒక ఫైల్లోకి ఇంకో ఫైలు ముక్క చొరబడింది.

కారణం తెలిశాక తలపట్టుకుంది. ఫైలును మళ్లీ సేవ్ చేస్తే కొత్త కాపీ వేరే గళ్లలోకి వెళ్తుంది, పాత గళ్లు ఖాళీ అవుతాయి. ఆ మార్పు డిస్కు మీద నమోదయ్యేదాకా పాత గళ్లు ఇంకొకరికి ఇవ్వకూడదు. చోటు దండిగా ఉన్నంతకాలం వాటి అవసరమే పడలేదు. చోటు లేకపోయేసరికి ఫైల్ సిస్టమ్ వాటినే పాప రికార్డింగుకి ఇచ్చేసింది. అంతలో కరెంటు పోయింది, మార్పు నమోదు కాలేదు. కంప్యూటర్ లేచి పెద్దాయన కోసం పాత గళ్లే వెతికింది. ఆ కోడు రాసింది స్వయానా జిగురే.

సరిచేయడం పెద్ద పని కాదు. నమోదయ్యేదాకా ఆగాలి, అంతే.

“నిండిన డిస్కు మీద నత్తలా నడుస్తుందండీ. నలుగురిలో నవ్వులపాలవుతాం” అన్నాడు గడ్డం.

“నవ్వనివ్వండి.”

అతను అదే పరీక్ష తన కంప్యూటర్‌లో నడిపి చూసుకున్నాడు. మర్నాడు, “నెమ్మదిగానే పోదాం” అని ఒక్క ముక్క రాశాడు.

కానీ జిగురు మనసు అక్కడ లేదు. పెద్దాయన రికార్డింగు శుభ్రం చేసిన కాపీ కొత్త గళ్లలో రాసే ఉండాలి కదా. దానికి దారి చూపే నమోదు లేదు, అంతే. థెరపిస్టు భయపడి ఆ డిస్కును ఆరోజే ఊడదీసి బీరువాలో పెట్టిందట. పెద్దాయన భార్యను అడిగి, ఆవిడ సరేనన్నాక డిస్కు పంపించింది. ఎవరివీ కాని గళ్లను ఒక్కొక్కటే తీసి, ఏ శబ్దం తర్వాత ఏది అతుకుతుందో చూసే ప్రోగ్రాం రాసుకుంది జిగురు. అతకనివాటిని హెడ్‌ఫోన్ పెట్టుకుని తనే విని కలిపింది. చివరి ముక్క దొరకలేదు. దొరకదని తేలాక, ఆ మాటే దాచకుండా చెప్పి, మిగిలింది పంపించింది.

విడుదల అయిన వారంలో థెరపిస్టు ఫోన్ చేసింది.

“పేరు పిలిచిన చోటు ఉందమ్మా. ఆవిడ వచ్చి విన్నారు.”

“ఏమన్నారు?”

“మళ్లీ పెట్టమన్నారు.”

“రెండు చోట్ల దాచుకోండి. ఒకటి మాత్రం నాది కాని ఫైల్ సిస్టమ్‌లో పెట్టండి” అంది జిగురు.