ఇష్రత్ అని రాసిన కవరు

ఆదివారం వస్తే ఇష్రత్ అన్నిటికంటే ముందు చేసే పని తువ్వాలును నాలుగు మడతలు వెయ్యడం. టిఫిను కట్టడం, నీళ్ళ సీసాలు నింపడం, కూతురు ఆస్రాను అత్తగారికి అప్పగించడం, అన్నీ ఆ తర్వాతే. ఆ తువ్వాలు ఆమె ఎడమ భుజానికి. దాని మీద భర్త ఇష్తియాక్ గారి కెమెరా లెన్సు ఆనుతుంది. మూరెడు పొడవు, నాలుగు కిలోల బరువు. కొల్లేరు గట్టు మీద ఆమె పిట్టలకు వీపు పెట్టి, ఆయనకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, మెడ పక్కకి వంచాలి. ఆయన "ఊపిరి" అంటాడు. పీల్చమని కాదు, ఆపమని. క్లిక్కుమన్నాక వదలొచ్చు. పదకొండేళ్ళుగా ఇదే వరస. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో ఆయన గొంతు సవరించుకున్నా ఆమె ఊపిరి దానంతటదే ఆగిపోతుంది.

వన్ టౌన్‌లో ఆయనకి ఫోటో స్టూడియో ఉంది. అందులో ఇష్రత్‌కి జీతం లేదు, పని మాత్రం బోలెడు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గదిలోకి వీడియో లైటు పట్టుకుని వెళ్ళేది ఆమే. ఆల్బముల్లో ఫోటోలు అతికించేదీ, వచ్చినవాళ్ళకి టీలు కాచేదీ ఆమే. గూడబాతుల ఫోటోకి బహుమతి వచ్చినప్పుడు పేపరు విలేకరి ఇంటికొచ్చి, "స్టాండు కూడా లేకుండా ఇంత నిలకడ ఎలా వచ్చిందండీ?" అని అడిగితే, "సాధన" అన్నాడు ఇష్తియాక్. వంటింట్లో టీ వడకడుతున్న ఇష్రత్‌కి నవ్వొచ్చింది. నిజంగానే నవ్వుకుంది, పిచ్చిది.

ఈ ఏడాది ఆ భుజం మొరాయించింది. జడ అల్లుకోడానికి చెయ్యి వెనక్కి పోవడం లేదు. డాక్టరమ్మ బరువు పెట్టొద్దంది. అత్తగారు అన్వరీ మాత్రం, "వారానికి ఒక్కపూట భుజం అరువిస్తే అరిగిపోద్దా?" అని బుగ్గలు నొక్కుకుంది. చివరికి ఇష్తియాకే అన్నాడు, "మంచి స్టాండొకటి కొనేద్దాంలే, పద" అని. ఇష్రత్‌కి ఆ మాట ఎంత చల్లగా తగిలిందో చెప్పలేం. తన భుజం కోసం కొంటున్నాడనుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుని మరీ బయల్దేరింది.

గవర్నర్‌పేటలో వెంకటకృష్ణారావు గారిది కెమెరాల దుకాణం. ఆయన లెన్సును రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు. ఆ తర్వాత పెళ్ళిసంబంధం మాట్లాడుతున్నంత ఓపిగ్గా చెప్పుకొచ్చాడు.

"మీ లెన్సుకి రెండింతల బరువు మోసే స్టాండైతేనే పనికొస్తదండీ. కాళ్ళు లావుగా ఉండాలి. పైన లెన్సు బిగించే హెడ్డు ఈ గుండ్రటి బంతిది వద్దు, మర వదులు చేస్తే లెన్సు ముక్కు దభాల్న కిందికి వాలిపోద్ది. వీడియోకి వాడే హెడ్డు వేద్దాం, మెల్లగా తిరుగుద్ది, ఎక్కడ వదిలితే అక్కడ ఆగుద్ది."

ఇష్తియాక్ బరువైన స్టాండును ఎత్తి చూసి, పెదవి విరిచి, పక్కనున్న సన్నకాళ్ళ దాన్ని అందుకున్నాడు. "ఇది తేలిగ్గా ఉందండీ. ఊగితే ఇష్రత్ ఓ చెయ్యేసి పట్టుకుంటది."

"చెయ్యేస్తే ఇంక స్టాండెందుకండీ? మనిషి తాకితే ఊపిరి కూడా ఫోటోలోకొస్తది. ఇంతకీ మీకు అదురు ఏ మాత్రం వస్తోందో చూస్తే గదా చెప్పేది. శాంపిళ్ళేమన్నా తెచ్చారా?"

"తెచ్చా. ఇన్నాళ్ళూ మనిషి స్టాండుతోనే నెట్టుకొచ్చానండీ," అంటూ ఇష్తియాక్ బొటనవేలితో ఆమెను చూపించి నవ్వాడు. "ఈ మధ్య బాగా వణుకుతోంది. పాతబడింది." సంచీలోంచి లావుపాటి కవరు తీసి గాజుబల్ల మీద పెట్టాడు.

పాతబడిందన్న మాట ఆమె ఒంటికి పట్టేలోపే కవరు మీద అక్షరాలు కనిపించాయి. ఇష్రత్. ఆయన చేతిరాతే. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె గుండె ఎగిరిపడింది. పెళ్ళి ఆల్బం తర్వాత తనకి ఒక్క ఫోటో తియ్యలేదని మనసులో ఎన్నిసార్లు అలిగిందో. చాటుగా తీసి దాచాడా ఈ మనిషి? సిగ్గు కూడా ముంచుకొచ్చింది, ఎదురుగా పరాయి మగాడున్నాడని. కవరు చొరవగా తనే లాక్కుని తెరిచింది.

అన్నీ పిట్టలు. అలికేసినట్టున్న పిట్టలు. ఒక్క రెక్కకీ అంచు లేదు, ఒక్క ముక్కుకీ మొన లేదు. వెనక్కి తిప్పితే ఒక్కోదాని మీదా తారీఖు, కారణం. దగ్గింది. కదిలింది. ఊపిరి వదిలింది. బాగా వచ్చినవన్నీ ఆయన పేరుతో ఫ్రేములు కట్టించుకుని గోడెక్కాయి. చెడిపోయినవన్నీ ఈమె పేరుతో కవర్లో ఉన్నాయి.

చేతులు ఆగక ఇంకోటి తిప్పింది. 21-2-99. ఏడ్చింది. వేస్టు.

ఆ ఆదివారం ఆమెకు నిన్నటిలా గుర్తుంది. అమ్మీ పోయి ఐదో రోజు. ఇంట్లో కూర్చుంటే దిగులు పట్టుకుంటుంది, గాలి మారుతుంది రమ్మని తీసుకెళ్ళాడు. లెన్సు కింద మెడ వంచగానే కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. పెదవి కొరుక్కుని, భుజం కదలకుండా ఏడ్చింది. ఆయన చూడలేదనే అనుకుంది రెండేళ్ళుగా. చూసి ఉంటే కెమెరా పక్కన పెట్టేవాడని నమ్మింది. మామూలుగా ఆయన మీద ఎంత కోపం వచ్చినా, పాపం చూసుకోలేదులే అని తనే సర్దిచెప్పుకునేది. ఆ ఒక్క మాట మీదే కాపురమంతా నడిపింది. తీరా చూస్తే ఆయనకు తెలుసు. చూశాడు. ఇంటికెళ్ళాక గుర్తుపెట్టుకుని మరీ రాశాడు. దుకాణంలో ఫ్యాను తిరుగుతోందని తెలుస్తోంది, చప్పుడు మాత్రం చెవికెక్కడం లేదు.

"కనబడుద్దండీ అదురు," అంటున్నాడు ఇష్తియాక్, ఆమె చేతిలోంచి ఫోటోలు తీసుకుని బల్ల మీద పరుస్తూ. ఆయన గొంతులో ఏ తేడా లేదు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది.

వెంకటకృష్ణారావు ఫోటోల వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూసి, బరువైన స్టాండునే ముందుకు లాగాడు. లెన్సు చుట్టూ ఉన్న ఇనుప పట్టీని హెడ్డుకి బిగించి, వేలితో తట్టి చూపించాడు. అదరలేదు.

"బరువండీ, గట్ల మీద మోసుకెళ్ళాలి గదా," అని ఇష్తియాక్ గొణిగాడు. అంతలోనే తేరుకుని, "సర్లే, మొయ్యడానికి ఇష్రత్ ఉందిగా. కుడి భుజం బాగానే ఉంది," అన్నాడు.

"మధ్య రాడ్డు పైకి లాగమాకండి, ఊగుద్ది. కాళ్ళతోనే కంటి ఎత్తుకి తెచ్చుకోవాల," అంటూ దుకాణదారు వంగి మరలు పట్టుకున్నాడు. "మీ ఎత్తుకి పెట్టేదా సార్?"

"నా ఎత్తుకి పెట్టండి," అంది ఇష్రత్.

ఇద్దరు మగవాళ్ళూ తలెత్తారు.

"నువ్వేం చూస్తావు?" ఇష్తియాక్‌కి నిజంగానే అర్థం కాలేదు.

"పిట్టల్ని. పదకొండేళ్ళు పోయాను కొల్లేరుకి, ఒక్కసారీ ఇందులోంచి చూళ్ళేదు. ఆదివారం నేను చూస్తా. స్టాండు మీరు మోసుకురండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇష్రత్ ఊపిరి ఆగలేదు. కావాలని గట్టిగా పీల్చి, అందరికీ వినబడేలా వదిలింది.

వెంకటకృష్ణారావు ఒక్కో కాలినీ జానెడు దించి మరలు బిగించాడు. ఇక అందులోంచి చూడాలంటే ఇష్తియాక్ వంగాలి.