తప్పు దొరికిన ప్రొద్దు

శరన్మేఘములు దూదిపింజలవలె విచ్చిపోయి మూసీతీరమందలి వరిచేలపై లేయెండ పసిడినీరు చల్లినట్లు పరచుకొనిన యొక యుదయమున భువనగిరి ప్రాంతమందలి యొక సాలెవాడ సకలవర్ణశోభితమై యుండెను. వీధి పొడవునను నీలిరంగును దానిమ్మపూవన్నెయు నలముకొనిన నూలుచిలపలు దండెములపై నూగుచు నీరోడ్చుచుండగా మగ్గముల సవ్వడి యింటినుండి యింటికి పిలుపువలె సాగుచుండెను.

ఒక్క యింటి దండెము మాత్రము ఇరువది దినములుగా బోసిపోయి యుండెను. అది నూలునకు చిటికి ముడులు కట్టి రంగు లద్దుటయందు వాడకెల్ల మేటి యనిపించుకొనిన మార్కండయ్య గృహము. అతని యిల్లాలు ఆండాలు పొగాకు ముట్టి యెఱుగనిదయ్యును ఊపిరితిత్తులలో క్యాన్సరు పుట్టి చిక్కి సగమైపోయెను. కీమోథెరపీ నోర్చుకొను బలము ఆమెకు లేదని తలచిన వైద్యురాలు హిమబిందు గడ్డనుండి చిన్నతునుక తీసి జన్యుపరీక్షకు పంపుచు ఇట్లు చెప్పియుండెను.

"చూడు పెద్దాయనా, ఒంట్లో ప్రతి కణం లోపల అది ఎట్లా పెరగాలో రాసి ఉంటది. అందులో ఎక్కడో తప్పు పడ్డది. అది ఏ తప్పో తెలిస్తే, దాన్నే పట్టుకొని ఆపే మాత్ర ఉండొచ్చు. మూడు వారాలు ఆగండి."

మార్కండయ్య చెవికి తప్పను మాట యొక్కటియే యెక్కెను. ముప్పదియేండ్లుగా పెరటిలో తాను కాచిన రంగుల యావిరియే భార్య యూపిరిలో విషమై చేరెనని తలపోసి యాతడు గాబులు బోర్లించి పొయ్యి చల్లార్చి ఎవ్వరితోను చెప్పుకొనక లోలోన కుములుచుండెను. చేతులు మాత్రము ఊరకుండలేక ఆసు చట్రమునకు నూలు చుట్టి ముడులు కట్టుచునే యుండెను.

ఆ యుదయమున సెల్లుఫోను మ్రోగెను. అవతల హిమబిందు స్వరము సంతోషముతో పొంగుచుండెను.

"మార్కండయ్యా, తప్పు దొరికింది!"

సాలెవానికి ఇంతకన్న పిడుగువంటి మాట లేదు. నెలలు నేసిన చీరను షావుకారు మడత విప్పి వెలుతురునకు పట్టి పలుకు మాట యది. రంగెక్కి మగ్గము దిగిన పిదప దిద్దుటకు వీలులేని తప్పది. మార్కండయ్య ఫోను జాఱవిడిచి గుంజ నానుకొని కూలబడి వెక్కివెక్కి యేడ్వసాగెను.

ఆండాలు గోడ పట్టుకొని మెల్లగా వచ్చి ఫోను తీసికొని చివరంట వినెను. వినుచుండగా నామె ముఖము విప్పారెను.

"ఏందయ్యా గీ ఏడుపు? పేరేమో మార్కండయ్య! యమున్నే ఎల్లగొట్టినోని పేరు పెట్టుకొని ఫోన్‌కు భయపడ్తవా?"

"తప్పు దొరికిందన్నది గదనే..."

"దొరికితే మంచిదేనయ్యా! ఆ తప్పుకు మాత్ర ఉన్నదంట. దినాం ఒకటి మింగాల్నంట. రంగుల ముంచకముందు తప్పు దొరికితే నువ్వేం జేస్తవ్? నూలంతా కాలవెడ్తవా?"

"ఆ ఒక్క ముడి ఇప్పి మళ్ల కడ్త."

"గంతే మరి!"

మార్కండయ్య కన్నులు తుడుచుకొని ఇంకను తెగని ఫోను నందుకొనెను. "డాక్టరమ్మా... నా రంగుల ఆవిరితోనేనా?"

"ఎందుకొచ్చిందో చెప్పలేం పెద్దాయనా. తప్పు ఎక్కడుందో రిపోర్టు చెప్తది, ఎవరిదో చెప్పదు. రోగం మొత్తం తుడిచిపెట్టుకపోతదని మాటియ్యను. అదుపులకొస్తదని మాత్రం నాకు ఆశ ఉంది."

"అందుకా గాబులు బోర్లేసినవ్?" అని ఆండాలు పెనిమిటి తలపై చేయి వేసెను. "నేనేమో నీకు బద్దకమొచ్చిందనుకున్న."

పొయ్యిని వాడచివరకు మార్చి మార్కండయ్య మరల రంగు కాచుటకు పూనుకొనిన దినముననే ఆండాలు తొలిమాత్ర మ్రింగెను. పిదప ఆసుచెంత కూర్చుండి, పెనిమిటి దుఃఖమున కట్టిన నూలుపై వ్రేళ్లు నడపెను. ఒక్కచోట వ్రేలు నిలిచెను.

"ఇగో. ఈడ తప్పు దొరికింది."

ఆ మాట విని మార్కండయ్య ఇన్నాళ్లకు నవ్వెను. ఆమె గోటితో ఆ ముడి నొక్కదానినే మెల్లమెల్లగా విప్పెను. ప్రక్కనున్న పోగులలో నొక్కటియు కదలలేదు.