మూడు డిగ్రీల కోడిపెట్ట

నేను మోటార్లకు వైండింగు చేసే మనిషిని. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టేశాను కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. పోయిన నెల మన స్క్రోల్ సా గ్రూపులో నేను పెట్టిన కోడిపెట్ట ఫొటో చూసి నవ్వినవాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. నవ్వినందుకు కోపం లేదు. ఆ తర్వాత ఏమైందో కూడా వినండి.

కొత్తగా చేరినవాళ్లకు ఒక్క మాట. స్క్రోల్ సా అంటే దారం లేని కుట్టుమిషన్ అనుకోండి. సూది ఉండాల్సిన చోట సన్నటి రంపం టకటకా కిందికీ పైకీ ఆడుతుంటుంది. మనం చెక్కను బల్ల మీద పెట్టి, గీత ఎటు పోతే అటు తిప్పుకోవాలి.

మా ఇంట్లో అసలు కుట్టుమిషన్ మనిషి మా అక్క. ముప్పై ఐదేళ్లు దర్జీ పని చేసింది. నాలుగు నెలల కిందట పక్షవాతం తగిలితే మా ఇంటికి తెచ్చుకున్నాం. నడక వచ్చింది. మాటా వచ్చింది. నన్ను తిట్టే మాటయితే అన్నిటికంటే ముందొచ్చింది. కుడిచెయ్యి మాత్రం వేరేవాళ్ల వస్తువులాగా ఒళ్లో పడి ఉండేది.

కసరత్తులు చేయించే డాక్టరమ్మ నన్ను గుమ్మం దాకా పిలిచి చెప్పింది.

"వేళ్లలో బలం ఉందండీ. ఆవిడే వాడట్లేదు. ఈ రెండు నెలలూ వాడకపోతే బిగుసుకుపోతాయి. ఆ తర్వాత నేనేం చేసినా లాభం ఉండదు."

పిసకమని ఆమె ఇచ్చిన మెత్తటి బంతిని అక్క కిటికీలోంచి బయటికి విసిరింది. అదీ ఎడమచేత్తో.

"అరవై దాటాక నాకు బంతాట ఏంట్రా తీగా?" అంది. రాగి తీగ చుట్టే పనిలో చేరినప్పటి నుంచీ అక్కకు నేను తీగనే.

"వదినా, మీ మంచికేగా," అంది మా ఆవిడ.

"నా మంచి నాకు తెలుసులేవే."

అక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపించినా అది తోక అంటుంది.

అప్పుడు గ్రూపులో అందరూ, ముక్కలు కలిపితే బొమ్మై నిలబడే పజిళ్లు కోస్తున్నారు గుర్తుందా? ఏనుగులు, తాబేళ్లు, డైనోసార్లు. బంతి వద్దంటే బొమ్మనైనా పట్టుకుంటుందేమోనని, అంగుళం మందం చెక్క మీద కోడిపెట్ట బొమ్మ అంటించాను. మొత్తం పదకొండు ముక్కలు. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి కోసేశాను. అంచులకు గరుకు కాగితం కొట్టి నున్నగా చేశాను. ఇక కలిపి చూద్దామని కూర్చుంటే రెక్క దిగలేదు! సగం దాకా వెళ్లి మొండికేసింది. సుత్తి పిడితో తట్టినా ఊహూ.

ఆ ఫొటోనే మీరు చూసింది.

"అన్నయ్యా, కోడి ఎగరబోతోందా?" అన్నారొకరు. "గుడ్డు పెట్టేలోపు దింపెయ్ గురూ," అన్నారింకొకరు. బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన మాత్రం, "తమ్ముడూ, బల్ల వాలు సరిచేశావా?" అని అడిగారు.

పరుగున వెళ్లి చూశాను. అంతకుముందు రోజు ఒక డబ్బా మూతలో చెక్కతో కోసిన ఆకు పొదిగాను. అలా పొదగాలంటే బల్లను కాస్త వాల్చి కొయ్యాలి. అప్పుడు ముక్క ఒక వైపు నుంచే దిగి, మధ్యలో బిగుసుకుంటుంది. బల్ల ఇంకా మూడు డిగ్రీల వాలులోనే ఉంది. కంటికి ఆనదు. దాని మీదే కోడి మొత్తం కోసేశాను.

సిగ్గుతో తల వంచుకుని వరండాలోకి వచ్చేసరికి, ముక్కలున్న పళ్లెం అక్క ముందు ఉంది.

"అది పాడైందక్కా. ఇలా ఇచ్చెయ్, రేపు ఇంకోటి కోస్తా."

"ఏం పాడైంది?"

"అంచులు వాలుగా తెగాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయి. కలవవు."

అక్క రెక్కను ఎత్తి అంచు చూసింది. తర్వాత పొట్ట ముక్క అంచు చూసింది.

"కలవకపోవడమేంటి? నువ్వు ఏది ముందు పెట్టావు?"

"తల, పొట్ట, ఆ తర్వాత రెక్క."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. భుజాలు కలపకుండా చొక్కాకి కాలరు పెడతారట్రా? కింద ఉండాల్సింది ముందు పడాలి, దాన్ని కప్పేది తర్వాత రావాలి. నీ రెక్క కింద ఉండే ముక్క. పొట్ట కన్నా ముందు పెట్టు."

"నువ్వే పెట్టు చూద్దాం."

రోషం వచ్చింది అక్కకు. ఎడమచేత్తో రెక్క పెట్టి, పక్కన పొట్ట ముక్కను నొక్కింది. నొక్కగానే రెక్క జారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. ముక్కలు బిగువుగా ఉన్నాయి మరి, ఒక చెయ్యి పట్టుకుంటే గానీ ఇంకో చెయ్యి నొక్కలేదు.

"నేను పట్టుకోనా?" అన్నాను.

"చెయ్యి తియ్! నాకు తెలుసు."

మూడోసారి జారినప్పుడు, అక్క ఒళ్లోంచి కుడిచెయ్యి లేచింది. వణుక్కుంటూ వచ్చి రెక్క మీద వాలింది. వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి, పట్టుకున్నాయి. పొట్ట ముక్క టక్కున దిగింది.

నేను నోరు తెరవబోతే మా ఆవిడ నా జబ్బ మీద గిల్లింది. ఎంత గట్టిగా అంటే, ఆ మచ్చ వారం రోజులుంది.

మెడ. తల. జుట్టు. కాళ్లు. చివర్న తోక. అక్క నుదుటి మీద చెమట పట్టింది. కోడి నిలబడింది.

"చూశావా? పాడైందట! పనిమంతుడు పందిరి వేస్తే పిచ్చుకలు వాలి పడిపోయిందట," అంటూ నా వైపు వేలు చూపించింది. అది కుడిచేతి వేలని అప్పుడు చూసుకుంది. గబుక్కున ఆ చేతిని కొంగు కింద పెట్టుకుంది.

"ఆ డాక్టరమ్మకు చెప్పకు, నెత్తికెక్కుతుంది," అంది తర్వాత.

మా ఆవిడ అప్పటికే ఫోనులో చెప్పేసింది.

నేను మనసు ఊరుకోక, బల్ల సరిచేసి బుద్ధిగా ఇంకో కోడిని కోశాను. అక్క రెండు నిమిషాల్లో కలిపేసి పక్కన పెట్టింది.

"దీన్లో పస లేదురా. ఎటు పెట్టినా దిగుతోంది. ఆ పాడైన రకమే చెయ్యి. ముక్కలు ఇంకాస్త ఎక్కువ పెట్టు."

అలా ఇప్పటికి వాలు తాబేలు, వాలు ఏనుగు, వాలు ఒంటె అయ్యాయి. ఒంటె మూపురం దగ్గర నేను ఒక పూటంతా ఓడిపోయాను. అక్క పక్కనే టీ తాగుతూ చూసి నవ్వింది. కప్పు ఏ చేత్తో పట్టుకుందో వేరే చెప్పాలా?

నిన్న నేను దుకాణం నుంచి వచ్చేసరికి మూల గదిలో కుట్టుమిషన్ చప్పుడు. నాలుగు నెలలుగా దుప్పటి కప్పి ఉన్న అక్క మిషన్ అది. రంపం దగ్గర నేను కట్టుకునే ముతక గుడ్డకు జేబు చిరిగి వేలాడుతుంటే, అక్క దాన్ని కుడుతోంది. కుడిచేత్తో గుడ్డ తిప్పుతోంది, నేను చెక్క తిప్పినట్టే.

కుట్టు మాత్రం మొదట తిన్నగా వెళ్లి, మధ్యలో పక్కకు జరిగింది. అక్క దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. ముప్పై ఐదేళ్లలో ఒక్క వంకర కుట్టు వెయ్యని మనిషి. ఏమంటుందోనని భయమేసింది.

"ఎంత వాలింది?" అంది.

"మూడు డిగ్రీలు ఉంటుందక్కా."

"అయితే ఉండనీ," అని పంటితో దారం తెంపి, గుడ్డను నా మీదికి విసిరింది. కుడిచేత్తోనే.

ఆ జేబు ఫొటో కింద పెట్టాను. ఈసారి నవ్వేవాళ్లు అక్కకు సమాధానం చెప్పుకోండి.