నల్లమ్మకి తెలిసిన ఈల

తెల్లవారగానే ఉప్పు కొట్టు తలుపు తీసిన వెంకటరత్నం, తీసిన తలుపు తీసినట్టే మళ్లీ మూసేశాడు. కళ్లు నులుముకున్నాడు. సందులోంచి తొంగిచూశాడు.

లోపల గేదెలున్నాయి.

ఒకటీ అరా కాదు. భీమరాజుగారి మంద మందంతా బస్తాలకి ఒరిగి, ఉప్పు నాకుతూ, అత్తారింటికొచ్చిన అల్లుళ్లలా నింపాదిగా నిలబడి ఉంది. వెనకవైపు దొడ్డి గుమ్మానికి అడ్డంగా ఒక కుక్క పడుకుని ఉంది. నల్లటి ఒళ్లు, మెడ చుట్టూ తెల్లటి జూలు. వెంకటరత్నాన్ని చూడగానే తోక ఆడించింది. అన్నీ ఉన్నాయో లేవో చూసుకోమన్నట్టుంది దాని చూపు.

వెంకటరత్నం వీధికి అటూ ఇటూ చూశాడు. నరసాపురం బజార్లో మూడు తరాల వర్తకం వాళ్లది. తూకంలో చెయ్యి తిప్పారని కూడా ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇప్పుడు గేదెల దొంగతనం!

"అమ్మా! నీ నల్లమ్మ మన కొంప ముంచింది!" అని కేకేశాడు.

అరుగు మీదున్న మహాలక్ష్మమ్మ ముసుగు సర్దుకుంటూ వచ్చేసరికే వీధిలో భీమరాజు గొంతు మోగుతోంది. "ఏవండీ షావుకారుగారూ! ఉప్పు వ్యాపారం చాల్లేదా, పాడి కూడా మొదలెట్టారా?"

"అపచారమండీ రాజుగారూ! కుక్క చేసిన పనండీ."

"కుక్క గేదెల్ని ఎత్తుకుపోతుందా? రేపు పిల్లి ఏనుగుని కరుచుకుపోయిందంటారు. ఠాణాలో చెప్పండి ఆ కబుర్లు!"

పాపం, వెంకటరత్నం చెప్పింది నిజమే. కానీ ఆ నిజాన్ని ఎవరు నమ్ముతారు?

ఆ కుక్క ఇంటికొచ్చిన తీరే ఒక వింత. కాలవ అవతల బంగళాలో కాలవ పనులు చూసే దొర ఉండేవాడు. వేసవిలో ఓడెక్కి సీమకి వెళ్లిపోతూ సామానంతా అమ్మేశాడు. వెంకటరత్నం ఒక అద్దాల బీరువా కొని బండి మీద తెచ్చుకున్నాడు. బండి ఇంటిముందు ఆగాక చూస్తే, దాని వెనకే నాలుక వేలాడేసుకుని దొరగారి కుక్క. వాళ్ల సామానుకి కాపలాగా వచ్చేసిందన్నమాట. తరిమితే పోలేదు. మర్నాటికి దొరే లేడు. దొరసాని దాన్ని నెల్ అని పిలిచేది. మహాలక్ష్మమ్మ ఒంటి రంగు చూసి నల్లమ్మని చేసింది.

మహాలక్ష్మమ్మ సంగతీ చెప్పాలి. మొగుడు బతికున్నన్నాళ్లూ కొట్టు పెత్తనమంతా ఆవిడదే. ఆయన పోయాక కొడుకు ఎంతో గౌరవంగా తాళాలగుత్తి అడిగి తీసుకుని భార్య చేతికిచ్చి, "ఇంక నువ్వు కృష్ణా రామా అనుకుంటూ కూర్చో అమ్మా" అన్నాడు. ఆవిడ కృష్ణా అంది. రామా అంది. పొద్దు మాత్రం పోలేదు.

నల్లమ్మ వచ్చాక పోవడం మొదలెట్టింది. పెరుగన్నం తిని పరుగెత్తే ఆ కుక్క వెనక రోజూ కాలవగట్టు మీద నడిచేది. మోకాళ్ల నొప్పులు ఏ దారిన పోయాయో తెలీదు. సీమలో అది గొర్రెల్ని కాసే జాతిట. ఇక్కడ గొర్రెల్లేవు. కానీ చేతిపని వచ్చినవాడు చేతులు ముడుచుకుని కూర్చోగలడా? ముందు మనవల్ని మూలకి తోలింది. తర్వాత కొట్టుకొచ్చిన బేరగాళ్లని. ఇదిగో, ఇప్పుడు గేదెలు.

ఆ గొడవని వెంకటరత్నం భీమరాజు కాళ్లావేళ్లా పడి సర్దుకునేలోపే ఇంకోటి వచ్చిపడింది.

చేపలమ్మే రత్తమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని వీధిలో పోతోంది. నల్లమ్మ పొట్ట నేలకానించి, కళ్లార్పకుండా చూస్తూ ఎదురొచ్చింది. రత్తమ్మ పక్కకి జరిగింది. కుక్కా జరిగింది. అటు, ఇటు, మళ్లీ అటు. చివరికి రత్తమ్మ వచ్చి పడింది ఎక్కడయ్యా అంటే, నీచు వాసన తగిలితే తలస్నానం చేసే వెంకటరత్నం ఇంటి అరుగు మీద.

"ఒసే, ఒసే! మా అరుగు మీద చేపల బుట్టేంటే?" అని కోడలు లోపల్నించి అరిచింది.

"నేనెక్కలేదండీ, ఎక్కించింది! నలభై ఏళ్లుగా ఈ వీధిలో తిరుగుతున్నాను. మీవాళ్లెవరూ రమ్మనలేదు. ఈవిడే పిలిచింది" అంది రత్తమ్మ కుక్కని చూపిస్తూ. "దిగనివ్వదు కూడానండీ. భోజనం పెట్టి పంపిస్తారేంటి?"

మహాలక్ష్మమ్మకి నవ్వాగలేదు. వెంకటరత్నానికి మాత్రం అదే ఆఖరి చుక్క. "శుక్రవారం సత్తియ్య పడవ కాకినాడ వెళ్తోంది. దీన్ని ఎక్కించేస్తున్నాను. అక్కడ ఏ దొరకైనా ఇచ్చేస్తాడు" అన్నాడు.

సత్తియ్య ఎవరికీ ఇవ్వడు. ఆ సంగతి మహాలక్ష్మమ్మ చెవులారా వింది. ఉప్పు బస్తాలకి వచ్చినప్పుడు పడవ నడిపే సరంగుతో అంటున్నాడు: "దొరల్ని వెతుక్కుంటూ ఎవడు తిరుగుతాడు? దారిలో ఏదో లంక మీద దింపేస్తే సరి." వరద వస్తే ఆ లంకలు మునిగిపోతాయి. వచ్చేది శ్రావణం.

కొడుక్కి చెప్పింది. "వాడేదో మాటవరసకి అని ఉంటాడు" అన్నాడు కొడుకు.

అసలు బాధ అది కాదు. కుక్కని కుదురుగా ఉంచే మందు ఆవిడకి తెలుసు. దొర ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం కాలవ అవతల్నించి వింది. చివర కాస్త పైకి లేచే ఒక పొడుగు ఈల వేస్తే కుక్క ఉన్నచోటే నేలకి కరుచుకునేది. రెండు పొట్టి ఈలలు వేస్తే ఎక్కడున్నా వచ్చి కాళ్ల దగ్గర వాలేది. ఇంట్లో వాళ్లు 'పో' అన్నా 'రా' అన్నా దానికి ఒకటే. బజారు కుర్రాళ్ల ఈలలకి చెవి కూడా కదపదు. ఆ ఈల వేరు.

కొడుకుతో ఒకసారి అంది కూడా. "ఈల వేస్తే వింటుందిరా."

"కొట్లో కూర్చుని ఈలలు వెయ్యమంటావా? లక్ష్మి వీధి దాటిపోతుంది" అన్నాడు వెంకటరత్నం చెంపలేసుకుని.

మగవాడు వేస్తేనే పోకిరీ అంటారు. ఆడది, అందులోనూ మొగుడు పోయిన పెద్దముండ ఈల వేస్తే ఏమంటారో ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు పుట్టింట్లో, ఎండబెట్టిన ధాన్యం మీద వాలే చిలకల్ని ఈలేసి తోలేది. నానమ్మ చూసి పెదవుల మీద వాతపెట్టింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

గురువారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఉప్పు కొట్లోకి వెళ్లి తలుపేసుకుంది. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఊదింది. ఊడిన పంటి సందులోంచి గాలి తుస్సుమంది. మళ్లీ ఊదింది. తుస్సు. నాలుక మడతపెట్టి ఊదేసరికి సన్నగా, పొడుగ్గా, చివర పైకి లేచి వచ్చింది. తలుపు సందులోంచి చూసింది. దొడ్లో కాకుల్ని తోలుతున్న నల్లమ్మ నేలకి అతుక్కుపోయి ఉంది.

సంతోషించాల్సింది పోయి మహాలక్ష్మమ్మకి భయమేసింది. కొంగుతో మూతి తుడుచుకుని బయటికొచ్చేసింది.

శుక్రవారం సంత. లాకుల దగ్గర రేవంతా జనం. సత్తియ్య నల్లమ్మ మెడకి తాడు కట్టి పడవ గుంజకి వేశాడు. గట్టు మీద వెంకటరత్నం, అతని వెనక మహాలక్ష్మమ్మ. 'సాగనంపడానికి వస్తాను' అంటే కొడుకు కాదనలేకపోయాడు.

అప్పుడే భీమరాజు మంద మేతకి బయల్దేరి లాకుల మీది కర్రవంతెన ఎక్కింది. వంతెన ఒక బండి పట్టేంత. కిందున్న లాకులో నీళ్లు దించేశారు. అడుగున రాతి చప్టా కనిపిస్తోంది.

గేదెల్ని చూసిన నల్లమ్మ చెవులు నిక్కాయి. తాడు ఒకసారి బిగిసింది. రెండోసారికి తెగింది.

"పట్టుకోండి! పట్టుకోండి!"

ఎవరు పట్టుకుంటారు? నల్లటి మెరుపులా జనం కాళ్ల మధ్యనించి దూరి మంద వెనక్కి చేరింది. వెనకబడ్డ గేదె కాలిమడమ దగ్గర పళ్లు టకటకలాడించింది. మంద ఉలిక్కిపడి ముందుకి దూకింది. వంతెన చెక్కలు దడదడలాడాయి.

ఆ వంతెన నడిమధ్య, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని, ఎదురుగా వస్తోంది రత్తమ్మ.

వెనక్కి తిరిగి పరుగెత్తే వ్యవధి లేదు. పక్కన కమ్మీ మోకాలెత్తు. రత్తమ్మ రెండు చేతులా బుట్ట పట్టుకుని కమ్మీకి ఆనుకుంది. కమ్మీ కిర్రుమంది. భీమరాజు గేదెల్ని పేరుపేరునా పిలుస్తున్నాడు. వెంకటరత్నం "పో! రా! ఆగు!" అని వచ్చిన మాటలన్నీ అంటున్నాడు. కుక్క వినలేదు. దాని పని అది శ్రద్ధగా చేస్తోంది.

సన్నగా, పొడుగ్గా, చివర పైకి లేచి ఒక ఈల వినిపించింది.

నల్లమ్మ తుపాకి దెబ్బ తగిలినట్టు నేలకి కరుచుకుంది. వెనకనించి తరిమేది లేకపోయేసరికి మంద నెమ్మదించింది. ముందున్న గేదె రత్తమ్మ బుట్టని వాసన చూసి, తల తిప్పేసుకుని ఆగింది. రత్తమ్మ అడుగులో అడుగేస్తూ వెనక్కి జరిగి గట్టెక్కింది.

సంత సంతంతా ఊపిరి వదిలింది. తర్వాత అందరికీ ఒకటే అనుమానం వచ్చింది.

"ఎవర్రా ఆ ఈల వేసింది?" అన్నాడు భీమరాజు.

రత్తమ్మ కళ్లు ముందే వెతికి పట్టుకున్నాయి. వెంకటరత్నం వెనక, ముసుగులో, తడిసిన రెండు వేళ్లు కొంగుకి తుడుచుకుంటున్న ముసలమ్మని చూసింది. ఆవిడ పరువేంటో, దాని బరువేంటో రత్తమ్మకి తెలుసు.

"నేనేనండి" అంది.

"నీ రెండు చేతులూ బుట్ట మీదున్నాయి కదే?"

"ఈల నోటితో వేస్తారండీ, బుట్టతో వెయ్యరు."

జనం గొల్లుమన్నారు. వెంకటరత్నం మొహం వికసించింది. "అయితే నీ మాట వింటుందన్నమాట. నువ్వే తీసుకుపో రత్తమ్మా. సత్తియ్యా, నువ్వెళ్లు."

అందరి సమస్యా తీరిపోయింది. కుక్కకి ప్రాణభయం లేదు, షావుకారింటికి పరువునష్టం లేదు. మహాలక్ష్మమ్మ మళ్లీ వెళ్లి అరుగు మీద కూర్చోవడమే తరువాయి.

"పిలుచుకో మరి" అన్నాడు భీమరాజు.

రత్తమ్మ మూతి సున్నా చుట్టి ఊదింది. గాలి వచ్చింది. నల్లమ్మ కదల్లేదు. ఎండకి కాలే చెక్కల మీద గడ్డం ఆనించి, కళ్లతో మాత్రం జనంలో ఒక్కొక్క మొహమే తడుముతోంది. ఆగమన్నవాళ్లు రమ్మనాలి కదా! రమ్మనేదాకా అది అక్కడే ఉంటుంది. ఎండలోనైనా, వరదలోనైనా. లంకలో దింపేసినా అలాగే ఉండేదేమో.

మహాలక్ష్మమ్మ కొడుకుని తప్పించుకుని ముందుకొచ్చింది. ముసుగు వెనక్కి నెట్టింది. అందరూ చూస్తుండగా రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంది.

రెండు పొట్టి ఈలలు.

నల్లమ్మ గాలిలో తేలినట్టు వచ్చింది. జనం దారిచ్చారు. వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర వాలి, పాదాల మీద గడ్డం పెట్టింది.

"అమ్మా! లక్ష్మి..." అని వెంకటరత్నం చెంపలేసుకున్నాడు.

"లక్ష్మి పోతే తెచ్చుకోగలవురా, వర్తకుడివి. దీన్ని తేలేవు. ఇది నాతో ఉంటుంది" అంది ఆవిడ. ఇంటివైపు నడిచింది. ఒక్కరూ కిసుక్కుమనలేదు. నవ్వబోయినవాడి వైపు రత్తమ్మ చూసిన చూపు అలాంటిది.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో భీమరాజు నిలబడ్డాడు. ఠాణా సంగతేమోనని వెంకటరత్నం చెమటలు పట్టి లేచాడు. భీమరాజు అతని మొహం కూడా చూడలేదు.

"మహాలక్ష్మమ్మగారూ, మా పాలేరు మందని ఇంటికి చేర్చేసరికి రోజూ దీపాలు పెట్టే వేళవుతోందండి. సాయంత్రం మీరు ఎలాగూ గట్టు మీదకి వస్తారు కదా..." అని చేతులు నలుపుకున్నాడు.

లక్ష్మి వీధి దాటిపోలేదు. కొట్టు ఎప్పట్లాగే నడుస్తోంది. మార్పల్లా ఒక్కటే. పొద్దువాలే వేళ కాలవగట్టు వైపునించి ఈల, దాని వెనకే గేదెల అడుగుల చప్పుడు వినిపిస్తాయి. వెంకటరత్నం తక్కెడ దించేస్తాడు. "అమ్మ వస్తోంది. అరుగెక్కండి, అరుగెక్కండి" అంటాడు.

బేరగాళ్లందరూ బుద్ధిగా ఎక్కేస్తారు. వాళ్ల మధ్య రత్తమ్మ కూడా, నెత్తిన బుట్టతో.