కప్పగంతుల కుట్టు

ఫోనులోని కుట్టుపనివాళ్ల గ్రూపులో కోడలు తను కుట్టిన ఏ గౌను ఫొటో పెట్టినా "కత్తెరపులి" అనే పేరుతో ఎవరో వచ్చి వాయించేసేవారు. "గోనెసంచికి చేతులు తగిలించావా తల్లీ?" అంటే కింద నలభైమంది పగలబడి నవ్వేవారు. ఇంకొక్క మాట పడితే మిషను అటకెక్కించేస్తానని ఆమె మొగుడితో తెగేసి చెప్పింది.

ఆ మధ్యాహ్నం కొత్త గౌను ఫొటో పెట్టి నిమిషం కాలేదు, పులి గాండ్రించింది: "మళ్లీ కప్పగంతుల కుట్టేనా!"

కోడలు ఉలిక్కిపడింది. ఎగుడుదిగుడు కుట్టుకి ఆ పేరు పెట్టింది ఆమెకు పని నేర్పిన మామగారే. చూపు సరిగ్గా ఆనకపోవడంతో కుట్టడం మానేసి, ఫోనులో అక్షరాలు గుమ్మడికాయలంత చేసుకుని పక్కగదిలో కూర్చుంటారు. అక్కణ్ణించే కిసుక్కుమని నవ్వు వినిపించింది.

ఆమె గ్రూపులోనే జవాబు రాసింది: "మామయ్యగారూ, టీ చల్లారిపోతోంది."

పక్కగదిలో ఫోను టింగుమంది. ఆయనకు పొలమారింది.

"నేనే దొరికానా మీకు?" అంటూ వెళ్లి నిలబడింది.

"ఇంట్లో నన్నెవరడుగుతున్నారమ్మా? అక్కడ నోరు విప్పితే నలభైమంది నవ్వుతారు."

"అయితే ఎదురుగానే తిట్టండి." గౌను ఆయన ఒళ్లో పడేసింది.

ఆయన కుట్టు వెంట వేలు పోనిచ్చి, నోరు తెరిచి, కోడలి మొహం చూసి మూసేశారు. "బాగానే ఉందమ్మా," అని గొణిగారు.

"పులి ఏమైపోయింది మామయ్యా!" ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయనకూ నవ్వాగలేదు.

"మెడ దగ్గర మాత్రం ఒక్క కప్ప గెంతిందే!"

"ఏదీ, చూపించండి," అంటూ ఆమె మిషను పక్కకి ఇంకో స్టూలు లాగింది.