ఎడమ చేయి

ఘానాలోని కుమాసీ నగరంలో వినపడని పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ జరుగుతోంది. ఇక్కడ నేర్చుకున్నవాళ్లు తమ పేటలో మిగతా తల్లిదండ్రులను కూడగట్టి, బడితో కలిసి పనిచేయాలి. తన పేట తరఫున అఫ్రియే వచ్చింది.

పాఠం చెప్పే డూఫీ మేడమ్‌కూ వినపడదు. ఆవిడ ఎడమ చేత్తో సైగలు చేస్తుంటే అఫ్రియే పక్కనున్న మరో తల్లి ఆచియాను గిల్లింది.

"అందరి ముందూ ఎడమ చెయ్యి ఆడిస్తుందేంటక్కా? వాళ్లమ్మ మర్యాద నేర్పలేదా?"

"గుసగుసలెందుకే, ఆవిడకి వినపడదుగా. ఆవిడ నోరు ఆ చెయ్యే."

అఫ్రియేకు నవ్వు రాలేదు. వినపడని తన కూతురు సెర్వాకు నాలుగేళ్లున్నప్పుడు ఎడమ చేత్తో ఏదో చెప్పబోయిన ప్రతిసారీ, మర్యాద నేర్పుతున్నాననుకుని బాంకు అనే పిండిముద్ద కెలికే తెడ్డుతో ఆ చేతిమీద కొట్టింది. ఏడాది తిరక్కుండా పిల్ల సైగలు మానేసింది. మొండిదని తనే అందరికీ చెప్పుకుంది.

ఆదివారం పేటలోని తల్లులను కూడగట్టినప్పుడు మొదట ఇదే చెప్పాలనుకుంది. కానీ వాళ్లకంటే ముందు సెర్వాకు చెప్పాలి.

సాయంత్రం ఇంటికి వెళ్లి కూతురి ముందు కూర్చుంది. తన ఎడమ చేత్తో "చెప్పు తల్లీ" అని సైగ చేసి, సెర్వా ఎడమ చేతికోసం చేయి చాచింది.

పదకొండేళ్ల సెర్వా ఆ చేతిని వీపు వెనక దాచుకుంది.