సామాన్ల కాడ

"మహేశ్వరీ, సామాన్ల కాడ నువ్వుండు" అన్నాడు గవర్రాజు, భువనగిరి కోట మెట్ల ముందు. అడగడం కాదు, చెప్పడమే. పోర్టులో క్రేనెక్కి కూర్చునే మనిషి, కింద నిలబడ్డా పైనుంచే మాట్లాడతాడు. బంధువుల పెళ్లికొచ్చి, తిరుగు రైలుకింకా టైముందని ఇటొచ్చారు. కూతురు యశస్విని అప్పటికే పది మెట్లెక్కేసింది.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో వాళ్లు తిరగని ఊరు లేదు, మహేశ్వరి చూసింది లేదు. మల్కాపురంలో తమ ఇంట్లో కోడి కూయకముందే లేచి పులిహోర కలిపేదీ, అత్తగారి మాత్రలు సర్దేదీ ఆమే. తీరా వెళ్లాక వాటికి కాపలా కూర్చునేదీ ఆమే. బొర్రా గుహల బయట రెండు గంటలు కోతుల్ని తోలింది. "లోపలెలాగుందే?" అని పక్కింటి నారాయణమ్మ అడిగితే, కూతురు చెప్పిందంతా తాను చూసినట్టే వర్ణించింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఆడోలికి కోటలెందుకే, ఇల్లే కోట" అన్నాడొకసారి మొగుడు, పెద్ద జోకేసినట్టు. ఆమె నవ్వింది కూడా.

చెట్టు నీడలో సంచులు లెక్కపెట్టింది. ఆరూ ఉన్నాయి. బోర్లించిన గిన్నెలాంటి రాతికొండ, దాని నెత్తిన పాత రాజుల గోడ. అవతల పెద్ద చెరువుందట. కాసేపట్లో యశస్విని చెబుతుంది, ఎల్లుండి తాను నారాయణమ్మకి చెబుతుంది. ఒళ్లు మండిపోయింది.

"అత్తా, నానూ ఎక్కొస్తాను" అంటూ లేచింది.

మోకాళ్ల నొప్పులతో పక్కనే చతికిలబడ్డ దేముడమ్మ ఎగాదిగా చూసింది. ఇక అక్షింతలే అనుకుంది మహేశ్వరి. ముసలామె కాళ్లు చాపి సంచుల మీద వేసుకుంది.

"ఎల్లెల్లు. మీ మావ బతికినన్నాళ్లూ సింహాచలంలో అందరి సెప్పులూ కాసేను. ఈ సంచులు కాయలేనేటి?"

మహేశ్వరి కుచ్చిళ్లు ఎగదోపింది. రాయి నున్నగా జారుతోంది, పట్టుకున్న ఇనప కమ్మీ కాలుతోంది, గుండె దడదడలాడుతోంది. రొప్పుతూనే పైకి చేరి, గోడ పట్టుకుని వంగి చూసింది. చెరువు. ఎండలో మెరుస్తూ, ఎవరూ చెప్పకుండానే, తన కళ్లెదుట. సంతోషానికి ఏడుపొచ్చేసింది.

"నువ్వొచ్చీసేవేటి?" గవర్రాజు అదిరిపడ్డాడు. "సామాన్ల కాడెవులున్నారు? దిగుదాం పదండి, సూసీసేం కదా!"

"నువ్వు సూసీసేవు బావా, నానిప్పుడే ఒచ్చేను." మహేశ్వరి చెరువు మీంచి చూపు తిప్పలేదు. "అత్తొక్కతీ ఉంది. నువ్వెల్లి సామాన్ల కాడుండు."